ఎస్తేరు నీళ్లెందుకు తాగదు

2023 జూన్‌లో నంద్యాలలోని ఒక డిగ్రీ కళాశాల ఆడపిల్లల హాస్టల్లో నర్సుగా చేరాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆసుపత్రి వార్డుల్లో తిరిగినదాన్ని. మోకాళ్లు మొరాయించడంతో కూర్చుని చేసే పని వెతుక్కున్నాను. మెస్ పక్కన ఒక గది, రెండు మంచాలు, బీపీ మిషను, మందుల బీరువా, తలుపు మీద ‘హెల్త్ రూమ్’ అనే బోర్డు. అదే నా రాజ్యం.

నెల తిరిగేసరికి ఏ పిల్ల ఏ ఇంటి నుంచి వచ్చిందో జబ్బును బట్టే చెప్పగలిగేదాన్ని. పొలాలున్న ఇళ్ల పిల్లలు తుమ్మినా వచ్చేవాళ్లు. అమ్మ పంపిన నేతి అరిసెలు తిని, పొద్దున టిఫిను మానేసి, కడుపులో మంటకు మాత్ర అడిగేవాళ్లు. టీచర్ల పిల్లలు చదివి చదివి తలనొప్పి తెచ్చుకునేవాళ్లు. కూలికి పోయే ఇళ్ల పిల్లలు మాత్రం వాళ్లంతట వాళ్లు రారు, ఎవరో ఒకరు లాక్కురావాలి. నేను ఆళ్లగడ్డ దగ్గర పొలాలున్న ఇంట్లో పుట్టాను కాబట్టి మొదటి రకం పిల్లల వేషాలన్నీ నాకు తెలుసు. మిగతావాళ్ల సంగతీ తెలుసనే అనుకున్నాను.

ఎస్తేరును లాక్కొచ్చింది దాని రూమ్మేటు లహరి. ఎస్తేరుది శిరివెళ్ల దగ్గర పల్లె. బీఎస్సీ రెండో సంవత్సరం, ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. తండ్రి ట్రాక్టరు తోలుతాడు, తల్లి కూలికి పోతుంది. లహరిది ఆళ్లగడ్డ, మా వైపు పిల్లే. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

“ఒంటికి పోతే మంట అంటాంది మేడమ్. మూడు దినాలైంది. చెప్పద్దంటాంది,” అంది లహరి.

డిప్‌స్టిక్ పెట్టి చూశాను. అది మూత్రంలో ముంచే చిన్న పట్టీ, ఇన్ఫెక్షన్ ఉంటే రంగు మారుతుంది. మారింది. దీన్ని మేము యూటీఐ అంటాం, మూత్రం పోయే దారిలో చేరే ఇన్ఫెక్షన్. మా హాస్టలుకు వచ్చే డాక్టరమ్మ మందులు రాసింది. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమని నేను ఉపన్యాసమిచ్చాను. ఎస్తేరు బుద్ధిగా తల ఊపింది.

“సరే మేడమ్.”

సెప్టెంబరులో మళ్లీ అదే జబ్బు. ఈసారి కల్చర్‌కు పంపాము. ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని తేల్చే పరీక్ష అది. మందు మారింది, నా ఉపన్యాసం మారలేదు. దాని జవాబూ మారలేదు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, హాస్టలు బాత్రూముల మీద. గొళ్లేలు లేవు, ఒకదాంట్లో బల్బు లేదు. ఇంత మురికిలో పిల్లలకు జబ్బు రాక ఏమొస్తుందని వార్డెనుతో పోట్లాడాను, ప్రిన్సిపాలు గదిలో కూర్చుని లేవనన్నాను. వారంలో కొత్త గొళ్లేలు, బల్బులు వచ్చాయి, రోజూ రెండుసార్లు కడిగే మనిషి వచ్చింది. కథ ముగిసిందని మురిసిపోయాను. ఎస్తేరును పిలిచి మరీ గొళ్లెం చూపించాను. అది నవ్వి, “బాగుంది మేడమ్,” అంది.

నవంబరులో ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు లహరి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఎస్తేరు చలితో వణుకుతోంది, నడుం పట్టుకుని నిలబడలేకపోతోంది. థర్మామీటరు నూట మూడు దాటింది. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది. ఊళ్లో ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించాము. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇట్లాగే మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీ పాడవుతుందని చెప్పింది.

నేను లహరిని నిలదీశాను. “ఆ పిల్ల నీళ్లు తాగుతుందా లేదా?”

“పొద్దున ఒక గ్లాసు మేడమ్. మళ్లా సాయంత్రం రూముకొచ్చినాంకే. నా బాటిల్ ఇచ్చినా వద్దంటది. ఎంగిలేమో అనుకుంటిని.”

మర్నాడు మధ్యాహ్నం తల్లి మరియమ్మ వచ్చింది. పత్తి చేను నుంచి అట్లాగే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లకు పత్తి పీచు అంటుకుని ఉంది. బిడ్డ తల నిమిరి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, నా వైపు తిరిగింది.

“ఈడ నీళ్లు దీనికి పడలేదు మేడమ్మా. ఇంటికి తోలుకపోతా. చదివిన కాడికి చాలు.”

మంచం మీద ఎస్తేరు ముఖం గోడ వైపు తిప్పుకుంది. అది ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. నాకు ఒళ్లు మండింది. “నీళ్లు పడతాయో లేదో తెలియాలంటే ఆ పిల్ల ముందు తాగాల గదమ్మా,” అన్నాను. అన్నాక, ఎండలో పడి వచ్చిన మనిషి మీద అరిచానే అని సిగ్గేసి, గ్లాసు నిండా చల్లటి నీళ్లు తెచ్చి ఇచ్చాను.

మరియమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు అందుకుంది, ఒక్క గుక్క తాగింది, పక్కన పెట్టేసింది.

“తాగమ్మా, దప్పిగొని ఉన్నావు.”

“వద్దు మేడమ్. మళ్లా బస్సులో పోవాల. తాగితే యాడికి పోయేది?”

బాత్రూము పది అడుగుల దూరంలో ఉంది. నేను ఆమె పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాను.

“చేన్లో ఏం చేస్తావు మరి?”

“చేన్లో యాడుంది మేడమ్? నల్లరేగడి, ఒక చెట్టు లేదు, పుట్ట లేదు. పక్క చేన్లో మగోళ్లు పురుగుల మందు కొడ్తాంటారు. పొద్దున చీకటితో పోతాం, మళ్లా చీకటి పడినాంకే. మా యమ్మ మాకు నేర్పించె. నేను ఈ పిల్లకు నేర్పిస్తి. ఏడేండ్లప్పటి నుంచి సెలవులకు నాతోటి వస్తాండె. ఒక్క దినం గూడ ‘అమ్మా, ఒంటికి’ అనలేదు. బడిలో సారును గూడ ఎప్పుడూ అడగలేదు.”

ఆమె ఆ మాట గొప్పగా చెప్పింది. ఏ తల్లయినా తన బిడ్డ బుద్ధిమంతురాలని చెప్పుకునే తీరులోనే చెప్పింది.

నాకు మా చేను గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో కూలి ఆడవాళ్లకు బిందెతో నీళ్లు మోసుకుపోయేదాన్ని. సాయంత్రం బిందె సగానికి పైగా అట్లాగే తిరిగొచ్చేది. తాగనప్పుడు ఎందుకు మోయించారని మా అమ్మతో గొడవ పడేదాన్ని. వాళ్లెందుకు తాగలేదని నాకుగానీ మా అమ్మకుగానీ ఒక్కసారైనా తోచలేదు. అట్లాంటి చేను అన్నం తిని పెరిగి, నర్సునై, నాలుగు నెలలు ఆ పిల్లకు ఉపన్యాసాలిచ్చి, గొళ్లేలు చూపించాను.

ఆ రోజు ఉపన్యాసం మానేశాను. మూడు గ్లాసులు పోశాను. ఒకటి నేను తాగాను. ఎస్తేరు నన్ను చూసి తాగింది. మరియమ్మ బిడ్డను చూసి తాగింది. తర్వాత ఆమెను నేనే బాత్రూముకు తీసుకెళ్లి, బయట నిలబడి, బస్సెక్కేముందు మళ్లీ ఒకసారి పోయి రమ్మన్నాను. బిడ్డను తోలుకపోయే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. “మీ చేతిలో పెడ్తాండా మేడమ్,” అని మాత్రం అంది. ఆ మాటకు నాకు భయం వేసింది.

ఆ భయం ఉత్తదేం కాదు. ఇన్నేళ్లు ఆపుకుంటూ వచ్చిన శరీరానికి, ఒంటికి పోవాలన్న కబురే సరిగా అందదు. దానికి టైమ్డ్ వాయిడింగ్ అనే పద్ధతి ఉంది. పోవాలనిపించినా అనిపించకపోయినా రెండు మూడు గంటలకొకసారి లేచి పోవాలి. వినడానికి ఇంతే. ఎస్తేరుకు మాత్రం అది పరీక్ష రాయడం కన్నా కష్టమైంది.

“అందరిలో లేసి అడగాల మేడమ్. మగపిల్లోళ్లు చూస్తాంటారు. నా వల్ల కాదు.”

దారి చూపింది లహరి. “నాకు సిగ్గు లేదని మా నాయన రోజూ అంటాడు. నేను అడుగుతా, ఇద్దరం పోదాం,” అంది. పదకొండు గంటలకు ఒకసారి, భోజనమప్పుడు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి ఆ ఇద్దరూ కలిసి లేచేవారు. ఒక లెక్చరరు విసుక్కుంటే నేను వెళ్లి ఆయనకు కిడ్నీ గురించి విడమరచి చెప్పాను. మళ్లీ విసుక్కోలేదు. మూడో వారంలో లహరికి జ్వరమొచ్చి రూములో పడుకుంటే, ఎస్తేరు ఒక్కతే లేచి అడిగిందట. పరిగెత్తుకొచ్చి నాకు చెప్పింది. ఆ పిల్ల ‘సరే మేడమ్’ కాకుండా తనంతట తాను చెప్పిన మొదటి ముచ్చట అది. ప్రాక్టికల్స్ వేరే బ్యాచితో రాసి పాసైంది. జనవరిలోనూ మార్చిలోనూ కల్చర్‌లో క్రిమి కనిపించలేదు.

ఇప్పుడు ఏ పిల్ల వచ్చినా ఎన్ని నీళ్లు తాగుతావని అడగను. మీ అమ్మ ఏం పని చేస్తుంది, చిన్నప్పుడు ఆమెతో ఎక్కడికి పోయేదానివి అని అడుగుతాను. ఇంట్లో ప్రేమతో నేర్పిన అలవాటే ఒక్కోసారి జబ్బవుతుంది. అది తప్పని కసురుకుంటే పిల్ల తల ఊపుతుంది గానీ మారదు. ఆ తల్లికి అప్పుడు వేరే దారి లేకపోయిందని ముందు మనం ఒప్పుకోవాలి.

ఏప్రిల్‌లో మరియమ్మ ఎస్తేరు ఫోను నుంచి మాట్లాడింది. ఎస్తేరు సెలవులకు ఇంటికి పోయి, తల్లితోపాటు మిరప చేనుకు వెళ్లి, గట్టున నాలుగు కట్టెలు పాతి, మరుగుకు పాత చీరలు చుట్టూ కట్టిందట. చేను ఆసామి ఏందీ నాటకాలు అన్నాడట. ఆడవాళ్లు తమ పాటికి తాము పని చేసుకుంటూ పోయారట. అవి నెల రోజులుగా అట్లాగే ఉన్నాయట.

“పదేండ్లప్పుడు కూలికి పోవడం మొదలుపెడితి మేడమ్మా,” అంది మరియమ్మ. “చేన్లో మిట్టమధ్యాన్నం కడుపు నిండా నీళ్లు తాగడం ఇప్పుడే.”

ఒక మనిషి నీళ్లు తాగానని చెబితే నాకు ఏడుపు రావడం కూడా అదే మొదటిసారి.