చేతికి తెలిసిన పని

శాంతయ్యది మానవపాడు. ఆయనా, భార్య పుష్పమ్మా ఇరవై ఏళ్లు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ చేశారు. సాయంత్రం మొగ్గ విప్పి, పుప్పొడి ఉండే భాగాన్ని బొటనవేలి గోరుతో గిల్లి తీసేయాలి. తెల్లారాక మగపువ్వు తెచ్చి రుద్దాలి. గోరు కాస్త లోతుగా దిగితే కాయ నిలవదు. శాంతయ్య గిల్లిన మొగ్గ రాలేది కాదు.

వరుసగా రెండేళ్లు చేలు ఎండాక ఇద్దరూ ఒమన్ పోయారు. ఆమెకు మస్కట్‌లో, ఒక దవాఖానలో తుడిచే పని. ఆయనకు కొండల అవతల, నాలుగు గంటల దూరంలో, ఒక ముసలాయన ఖర్జూరపు తోటలో నీళ్లు కట్టే పని. ఒకే దేశం కదా అనుకున్నారు.

తోటలో కాలువ నీళ్లుండేవి, మేకలుండేవి. గది వెనక గోంగూర వేశాడు. మొదటి ఫిబ్రవరిలో చెట్లెక్కే మనిషి జ్వరంతో పడ్డాడు. ఆడచెట్ల పూగెలలు విచ్చుకొని ఉన్నాయి, మగపూల పుప్పొడి పెట్టేవాళ్లు లేరు. శాంతయ్య రెండు రోజులు చూశాడు. మూడో రోజు, ఎవరూ అడగకుండానే, నడుముకు తాడు కట్టుకొని ఎక్కాడు. ఆ ఏడు ప్రతి చెట్టూ కాయల బరువుకు వంగింది. ముసలాయన ఆ చెట్లెక్కే మనిషిని పంపేశాడు. అప్పటిదాకా తోటలో మాట్లాడడానికి ఉన్నది వాడొక్కడే.

నెలకో శుక్రవారం, అక్కడి సెలవు రోజున, శాంతయ్య మస్కట్ పోయేవాడు. పుష్పమ్మ గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు. మగవాళ్లను లోపలికి రానివ్వరు. చర్చిలో ప్రార్థన అయ్యాక కాసేపు ఆ ఆవరణలో, గేటు మూశాక బస్‌స్టాపులో కూర్చునేవాళ్లు. ఎండ ఎక్కితే చల్లగా ఉండే పెద్ద దుకాణంలోకి పోయి, ఏమీ కొనకుండా తిరిగేవాళ్లు. కాపలావాడు చూస్తే పక్క వరుసలోకి మారేవాళ్లు. పట్నంలో మనిషి ఉంది, కూర్చునే చోటు లేదు. తోటలో చోటుంది, మనిషి లేదు. తిరుగు బస్సులో ఇదే తూకం. ఏ సారీ తేలేది కాదు.

చివరికి పుష్పమ్మే తేల్చింది. వాళ్ల దవాఖానలో మొక్కలకు నీళ్లు పెట్టే పని ఖాళీ అయింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒక చోట అన్నం తినొచ్చు. యజమాని వదలనిదే అక్కడ పని మారనివ్వరు, ముసలాయన విడుస్తున్నానని సంతకం పెడితే చాలు.

అడిగితే ముసలాయన కోప్పడలేదు. శాంతయ్య రెండు చేతులూ పట్టుకొని, ఈ చేతులు పోతే తోట పోతుందని వచ్చీరాని హిందీలో అన్నాడు. సంతకం పెట్టలేదు గాని, ఆ పూట ఒక మేకపిల్లను ఇచ్చిపోయాడు.

పుష్పమ్మకు ఫోన్‌లో చెప్పాడు.

"అప్పుడు నిన్ను చెట్టు ఎవరు ఎక్కమన్నరు?" అంది ఆమె.

"పూత పోతుండె."

"ఎవరి పూత? పని రానట్టు ఉండనీకె రాదా నీకు?"

ఆమే మళ్లీ అంది. "ఈసారి ఖరాబు చెయ్యి. కాయ నిలవకపోతె ఆయనే పొమ్మంటడు. రెండు నెలలు ఆగమని ఈడ నేను బతిమిలాడుత."

ఫిబ్రవరి వచ్చింది. శాంతయ్య పొద్దున్నే మొదటి చెట్టెక్కాడు. సంచిలో రెండు రకాల మగపూల రెమ్మలున్నాయి. ముసలాయనకు చూపడానికి తాజావి, కట్టడానికి పుప్పొడి రాలిపోయిన నిరుటివి. కిందనుంచి చూస్తే తేడా తెలియదు.

గెల విప్పాడు. లోపల పూలు బియ్యం గింజల్లా ఉన్నాయి. ఎండు రెమ్మ పెట్టి కట్టాడు. ఒక అడుగు దిగాడు. కాసేపు తాడు మీద అట్లాగే ఆనుకొని ఉన్నాడు. మళ్లీ పైకి పోయి ముడి విప్పాడు.

పన్నెండో చెట్టు మీద ఉండగా ఫోన్ మోగింది. అరచేతులకు పిండి అంటినట్టు పుప్పొడి. చొక్కాకు తుడుచుకొని ఎత్తాడు.

"ఖరాబు చేసినవా?" అంది పుష్పమ్మ. అన్నం తింటున్నట్టుంది.

"చెయ్యనీకె చెయ్యి రాలేదు."

ఆమె తినడం ఆపలేదు. ముద్ద నమిలే చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంకా ఎన్ని చెట్లున్నాయని అడిగింది. చెప్పాడు.

"తాడు గట్టిగ కట్టుకో," అంది.