దుప్పటి కింద యూరిన్ బ్యాగు

సాయంత్రం చూడటానికి వచ్చేవాళ్ళను లోపలికి వదలగానే మా వార్డులోకి మల్లెపూల వాసన, వేడి ఇడ్లీల వాసన కలిసి వస్తాయి. మిగతా రోజంతా ఫినాయిలే. ఆ మల్లెల వాసన తగిలితే చాలు, నాకు నాగమణక్క గుర్తొస్తుంది. నేను బెంగళూరులో నర్సుగా చేరిన కొత్తలో ఆమె మా వార్డు ఇన్‌చార్జి. హిందూపురం వైపు మనిషి. నోరు పెద్దది. ఒంటరిగా ఉండేది, గదికి తాళం వేసేదీ తీసేదీ ఆమే.

పొద్దున డ్యూటీకి రాగానే యూరిన్ పైపు వేసిన ప్రతి మంచం దగ్గరా ఆగి, "ఇది ఈ పొద్దు ఎందుకుండాల? చెప్పు పాపా" అని నన్ను నిలదీసేది. నేను నీళ్ళు నమిలితే, డాక్టరు వెంటపడి దాన్ని తీయించేదాకా ఊరుకునేది కాదు. పైపు ఉన్నన్నాళ్ళూ క్రిములకు తలుపు తెరిచి పెట్టినట్టేనని ఆమె భయం. ఆ చాదస్తానికి మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే చలపతి తుంటి ఎముక విరిగి చేరాడు. లేవలేడని యూరిన్ పైపు వేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. అయినా ఉన్నట్టుండి చలిజ్వరం పట్టుకుంది, మూత్రం మడ్డిగా మారింది. ఆ సాయంత్రం అక్క అతని దుప్పటి ఎత్తింది. మంచం కింద వేలాడవలసిన యూరిన్ బ్యాగు అతని తొడ పక్కన ఉంది.

"పైన పెట్టుకుంటే ఉచ్చ ఎనక్కి పోతాది గదప్పా! జరం రాక ఏమైతాది?"

"ఎవురన్నా చూసేకొస్తే సిగ్గయితాదమ్మా."

అతను చేరినప్పటి నుంచి చూడటానికి ఒక్కరూ రాలేదు. అక్క బ్యాగు కిందికి తగిలించి డాక్టరుకు ఫోన్ చేసింది. మందులు మొదలుపెట్టి, పైపు తీసేశారు. బాత్రూముకు ఎవరు తీసుకుపోతారని అతను బెంగపడితే, "నేనుండా కదప్పా" అంది. అన్నట్టే నడిపించింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం అతని పక్కన స్టూలు మీద, చూడటానికి వచ్చేవాళ్ళ వేళ ముగిసే గంట కొట్టేదాకా కూర్చునేది. అతను కోలుకొని తన కాళ్ళ మీద వెళ్ళాడు.

అక్క రిటైరైన కొన్నేళ్ళకు, పెద్ద ఆపరేషన్ అయి వేరే ఆసుపత్రిలో ఉందని తెలిసి వెళ్ళాను. అన్ని మంచాల దగ్గరా మనుషులు. ఆమె పక్కన ఖాళీ స్టూలు. దుప్పటి ఒక వైపు ఎత్తుగా ఉంది. కొస ఎత్తి చూస్తే, యూరిన్ బ్యాగు ఆమె తొడ పక్కన ఉంది.

"అక్కా, నీకు తెలీదా?"

"తెలుసు పాపా." తల అటు తిప్పుకుంది. "ఎవురన్నా వస్తారేమోనని."

బ్యాగు కిందికి తగిలించి, గంట కొట్టేదాకా కూర్చున్నాను. బయటికొచ్చాక ఏడుపు ఆగలేదు.

ఆమె ఇప్పుడు లేదు. ఇన్‌చార్జిని నేనే. పొద్దున ఆ ప్రశ్న అడిగేదీ నేనే, నా గదికి తాళం తీసేదీ నేనే. సాయంత్రం ఏ మంచం పక్కనైనా స్టూలు ఖాళీగా కనిపిస్తే వెళ్ళి కూర్చుంటాను. కూర్చునే ముందు దుప్పటి కొస ఎత్తి చూస్తాను.