మిలిటరీ హోటల్లో రెండు ఆకులు

ఆ ఏడాది పత్తి చేలల్లో తెల్లదోమ ఉధృతి చూసి రమ్మని మా ఆఫీసు నన్ను విజయనగరం నుంచి పర్చూరు పంపింది. పొద్దుటినుంచీ చేలల్లో తిరిగి, ఆకలితో నకనకలాడుతూ బస్టాండు పక్కనున్న మిలిటరీ హోటల్లోకి వెళ్లాను. అక్కడి వేటమాంసం కూరకి ముప్పై ఏళ్లుగా పేరుందట.

లోపలంతా మగవాళ్లే. నన్ను చూడగానే తలలన్నీ ఇటు తిరిగాయి. యజమాని సుబ్బయ్యగారు కంగారుగా ఎదురొచ్చారు.

"ఇక్కడ ఆడాళ్లు కూర్చుని తినరమ్మా. పొట్లం కట్టిస్తాను."

"బస్టాండులో కూర్చుని తినమంటారా? ఇక్కడే తింటానండీ."

గట్టిగానే అన్నాను గానీ, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఇంతలో వంటగదిలోంచి ఆయన భార్య కోటమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఒక్కతే కూర్చోవడమేగా ఇబ్బంది? నేనూ కూర్చుంటా. ఏవయ్యా, రెండాకులెయ్యి."

సుబ్బయ్యగారు రెండాకులూ వేసి వడ్డించారు. కూర ఘాటుకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా చెయ్యి ఆగలేదు. కోటమ్మగారు మాత్రం రెండో ముద్దకే ఆగారు.

"ఉప్పు చాల్లేదే! ఒక్కరూ చెప్పరేం?"

"నీకు చెప్పే ధైర్యం ఎవరికుందమ్మా?" అన్నాడు పక్కబల్ల రైతు. హోటలంతా గొల్లుమంది.

ఆవిడా నవ్వేశారు. "అందరూ తిన్నాక నేను తినేసరికి కూర ఇగిరిపోయి ఉప్పగా తగిలేది. అందుకని తగ్గిస్తూ వచ్చా. రేపట్నించి నేనూ ఇక్కడే, వేళకే తింటా."

సుబ్బయ్యగారు ఉప్పు తెచ్చారు. తర్వాత గరిటె నిండా కూర తెచ్చి, ముందు ఆవిడ ఆకులోనే వేశారు.