ఎడమ డోరు మీద గీతలు

ఇది 2023లో, వేరుశనగ కాయలు పీకే రోజుల్లో జరిగిన సంగతి. హిందూపురం ఊరు దాటి పెనుకొండ రోడ్డు మొదలయ్యే చోట నా షెడ్డు ఉంది. కారుకు దెబ్బ తగిలితే రేకు సరిచేసి రంగు వేయడం మా పని. సొట్టలు తీసేది నా భాగస్వామి బాషా. దాన్ని మేము టింకరింగ్ అంటాం. రంగు వేసేది నేను. మాది రొద్దం దగ్గర పల్లె. నాయన చేసిన సేద్యం నాకు అచ్చిరాలేదు గానీ, ఈ రంగు మాత్రం బాగా అచ్చొచ్చింది.

మనుషుల గురించి తెలుసుకోవాలంటే మా షెడ్డులో ఒక పూట కూర్చుంటే చాలు. సొంత కాలు విరిగినప్పుడు కూడా కళ్లనీళ్లు పెట్టుకోని మగాళ్లు, డోరు మీద గీత పడితే కళ్లు తుడుచుకుంటారు. నేను నవ్వను, అది నా అన్నం. కాకపోతే ఆ గీత ఎట్లా పడిందో కనిపెట్టే పిచ్చి ఒకటి నాకు మొదటినుంచీ ఉంది.

గీతను చూసి చాలావరకు చెప్పేస్తాను. తాళంచెవితో పిల్లలు గీసింది పాములా మెలికలు తిరుగుతుంది. బైకు హ్యాండిల్ తగిలితే గీత పక్కన నల్లటి రబ్బరు మరక ఉంటుంది. ఎనుము కొమ్ము తగిలితే చిన్న సొట్ట కూడా పడుతుంది. "ఆగి ఉన్న బండికి ఎవడో గుద్దేసి పోయినాడు" అని చెప్పేవాళ్లలో ఎంతమంది తమ ఇంటి గేటుకే గుద్దుకున్నారో బాషాను అడిగితే కథలు కథలుగా చెప్తాడు.

ఆ రోజుల్లో ఒక తెల్ల కారు వచ్చింది. పెనుకొండ వైపు ఉన్న ఒక బట్టల కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరుగారిది. కారు ఎంత కొత్తదంటే సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. ఎడమవైపు ముందు డోరు నుంచి వెనక డోరు దాకా ఒకటే గీత ఉంది. సన్నగా, తిన్నగా ఉంది. కారు రంగు పొరలుపొరలుగా ఉంటుంది. పైన మెరుపు కోసం క్లియర్ కోట్, దాని కింద రంగు, దాని కింద రేకును కాపాడే ప్రైమర్. ఈ గీత మూడింటినీ కోసుకుని రేకు దాకా పోయింది.

"పార్కింగులో ఎవడో కుళ్లుబోతు గీశాడు రమణా," అన్నారు మేనేజరుగారు. ఆయన మంచివాడే. పండక్కి మా ఇద్దరికీ మిఠాయి పంపే మనిషి. ఆ పూట మాత్రం ముఖం ఎర్రబడి ఉంది. "ఎవరో తెలిస్తే నాకు చెప్పు. మా కంపెనీలో వాళ్లెవరన్నా అయితే ఆరోజే గేటు బయట నిలబెడతాను."

నేను గీత మీద గోరు పెట్టి లాగాను. ముందు నుంచి వెనక్కి లాగితే నున్నగా పోయింది. వెనక నుంచి ముందుకు తెస్తే గరుకుగా తగిలింది. అంటే గీసిన వస్తువు కారు ముందు వైపు నుంచి వెనక్కి పోయింది. మొదట్లో లోతుగా ఉండి, పోనుపోను తేలిపోయింది. ఆగి ఉన్న కారును కసికొద్దీ గీసేవాడి చెయ్యి అంత తిన్నగా పోదు. కారు కదులుతున్నప్పుడు పడిన గీత ఇది అనిపించింది. అప్పటికి ఆ మాట బయటపెట్టలేదు.

ఆ కారు ఇంకా షెడ్డులో ఉండగానే పొద్దున్నే ధర్మవరానికి పోయే పట్టుచీరల వ్యాపారి కారు వచ్చింది. తర్వాత పెనుకొండలో ఉద్యోగానికి పోయివచ్చే ఒకాయన కారు. రెండింటికీ ఎడమవైపే, హ్యాండిల్‌కు కొంచెం కింద, అదే ఎత్తులో, అదే సన్నటి గీత. ఇద్దరూ పార్కింగునే తిట్టారు.

బాషాకు సంబరం. "ఎవరో పుణ్యాత్ముడు మన కోసరం తిరుగుతాండాడు రమణా. యాడుండాడో చెప్పు, పూలదండ ఏసొస్తా."

నాకు అనుమానం పుడితే అన్నం సయించదు. ముగ్గురూ పొద్దున పూట పెనుకొండ రోడ్డు మీద పోయేవాళ్లే. మరుసటి రోజు పొద్దున్నే మోపెడ్ తీసి, సోమందేపల్లి దాటాక ఒక టీ అంగడి దగ్గర కూర్చున్నాను.

కంపెనీలకు పోయే టైములో ఆ రోడ్డును చూస్తే గేటు తెరిచిన గొర్రెలదొడ్డి గుర్తొస్తుంది. బస్సులు, ఆటోలు, కార్లు, బైకులు అన్నీ ఒకేసారి పడతాయి. అందరికీ ముందున్నవాడు అడ్డమే. ఈ గుంపులో సైకిళ్లు కూడా ఉంటాయని ఆ రోజుదాకా నేనూ పట్టించుకోలేదు. కార్లు వాటి వెనక వచ్చి హారన్ కొడతాయి. ఆ హారన్‌తో తమ బాధ్యత తీరిపోయినట్లు పక్కనుంచి దూరిపోతాయి. సైకిల్ మనిషి పక్కకు జరగడానికి చోటెక్కడుంది? తారు అంచు పక్కన జానెడు లోతున కంకర. చక్రం ఒకసారి అందులోకి జారితే మనిషి పడాల్సిందే.

అప్పుడు ఆమె కనిపించింది. నలభై దాటిన మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా, హ్యాండిల్‌కు అన్నం సంచి. సైకిల్ మాత్రం బడిపిల్లలకు ప్రభుత్వం ఇచ్చేది. వెనక క్యారియర్‌కు అడ్డంగా ఒక కొడవలి కట్టి ఉంది. దాని మొన కుడివైపు, రోడ్డు మీదికి, బయటికి పొడుచుకుని ఉంది. ఎండ పడి తళుక్కుమంది.

ఒక కారు ఆ మొనను చూసి రోడ్డు అవతలి అంచుదాకా తప్పుకుని పోయింది. దాని వెనక కారుకు ఎదురుగా లారీ వస్తోంది. అయినా ఆగలేదు. హారన్ కొట్టుకుంటూ ఆమెకూ లారీకీ మధ్య దూరింది. ఆమె వెనక్కి చూడలేదు. భుజాలు మాత్రం రెండూ చెవులదాకా ముడుచుకున్నాయి. ఆ కారుకు కొడవలి తగల్లేదు గానీ, నేను టీ గ్లాసు వదిలేసి లేచాను.

మోపెడ్ మీద వెనకే పోయి, ఒక కల్వర్టు దగ్గర పలకరించాను. ఆమె దిగి, కొడవలిని చప్పున లోపలికి తిప్పేసింది.

"ఏమన్నా, ఎందుకు ఆపుతాండావు? నాకు గేటు మూసేస్తారు."

కార్లకు రంగు వేసేవాణ్నని చెప్పి, గీతల సంగతి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. కాసేపు సైకిల్ సీటు తుడుస్తూ నిలబడింది.

"పోయినేడు ఈడనే పడితిని," అంది చివరికి. "కారు అద్దం మోచేతికి తగిలి కంకరలో పడితే ఈ మణికట్టు ఇరిగింది. ఆయప్ప నిలపను గూడా లేదు. నాది మిషన్ కుట్టే పని. చెయ్యి లేకుంటే నేను లేనట్లే కదన్నా. మూడు నెలలు కూచున్యా. ఇంగొకసారి ఇరిగితే కంపెనీవాళ్లు నన్ను పెట్టుకుంటారా?"

ఆమె పేరు అంజినమ్మ. ఊళ్లోకి కంపెనీ బస్సు రాదు. కూతురు కాలేజీ హాస్టల్‌కు పోయాక, ఆ పిల్ల బడి సైకిల్ మీద ఈమె తొక్కడం నేర్చుకుంది. సాయంత్రం తిరిగి పోతూ గట్ల మీద ఎనుముకు గడ్డి కోసుకుపోతుంది. కొడవలి అందుకే. మొదట్లో దాన్ని సంచిలో పెట్టుకునేది.

"ఒగనాడు క్యారియర్‌కు పెడితే, దారిలో అది జరిగి మొన బయటికొచ్చింది. నాకు తెలీదు. ఆ పొద్దు కార్లోళ్లంతా దండం పెట్టి పోయినట్ల దూరం దూరంగా పోయినారన్నా! ఏమబ్బా ఈ మర్యాద అని దిగి చూస్తే, ఇది! ఆ పొద్దు నుంచి అట్లనే కడతాండా. దాన్ని చూసి గూడా మీదికొచ్చేటోళ్లకు నేనేం చేసేది?"

నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. "బైకు మీద పోయే పిల్లోడి మోకాలికి తగిలితే ఏమయితాదక్కా?"

"బైకు శబ్దం ఇనపడితే చెయ్యి ఎనక్కి పెట్టి లోపలికి తిప్పుతా."

"ఒగనాడు మర్చిపోతే?"

ఆమె అన్నం సంచిని హ్యాండిల్ మీద సర్దుకుంది. ఆ భయం ఆమెకు కొత్త కాదని ముఖమే చెప్పింది. తర్వాత మెల్లగా అంది: "ఆ తెల్ల కారు మా సారుదే అన్నా. గేటు కాడ గీత చూసినాక తెలిసింది. ఆ పొద్దునుంచి ఆయప్ప నా పక్కన నడిస్తే సూది తప్పిపోతాది. చెప్తావా?"

"చెప్పను. నువ్వు కొడవలి తీసెయ్."

"తీసేస్తే నన్ను ఎవరు చూస్తారు?"

ఆమె సైకిల్ ఎక్కి పోయింది. కొడవలిని మాత్రం సంచిలో పెట్టుకుని పోయింది. అది చూశాక నాకు ఇంకా దిగులు పట్టుకుంది. పెద్దమనిషిలా సలహా ఇచ్చి, ఆమెకున్న ఒక్క రక్షణా ఊడబెరికి పంపాను.

రెండు రోజుల తర్వాత మేనేజరుగారు కారు తీసుకుపోవడానికి వచ్చారు. డోర్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఎవరో తెలిసిందా అని అడిగారు.

"ఎవరన్నది కారు చెప్పదు సార్. ఎట్లా పడిందో చెప్తుంది," అన్నాను. "ఇది పార్కింగులో పడింది కాదు. సైకిల్ మీద ఉన్న వస్తువేదో తగిలింది. సైకిల్ మనిషికీ మీ డోరుకూ మధ్య ఇంతే ఉండి ఉంటుంది." నా మోచెయ్యి నుంచి వేళ్లదాకా చూపించాను.

ఆయన ఆ చేతిని కాసేపు చూశారు. "నేను హారన్ కొడతాను కదా రమణా. వాళ్లే జరగాలి. మిషన్లు స్టార్టయ్యే టైముకు నేను లేకపోతే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. ప్రతి సైకిల్ వెనకా నిలబడితే ఎట్లా?" ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే అట్లా నమ్మారు. నాకు కోపం రాలేదు గానీ, ఆశ్చర్యంగా ఉండింది.

మాట్లాడుతూ ఆయన కారుకూ గోడకూ మధ్యనుంచి రావాల్సి వచ్చింది. పొట్ట లోపలికి పీల్చి, తెల్ల చొక్కా రెండు చేతులతో పట్టుకుని, గోడకు అతుక్కుని పక్కవాటుగా నడిచారు.

"ఆరిపోయింది సార్. నిన్ననే."

"ఆరినా, చూస్తే తడిగానే ఉంది కదయ్యా!"

క్లియర్ కోట్ మహిమ అది. ఎండిన రంగు కూడా దాని కింద తడిగా కనిపిస్తుంది. ఆయన గోడకు అతుక్కున్న తీరు చూస్తుంటే, 'నన్ను ఎవరు చూస్తారు' అన్న అంజినమ్మ ప్రశ్నకు జవాబు దొరికింది. నాకు సంతోషంతో అరవాలనిపించింది.

ఆయన పోగానే, గోడలకు వేసే పాత వెడల్పు బ్రష్షు ఒకటి తీశాను. దాని కొసలకు ఎర్ర రంగు కారుతున్నట్లు చుక్కలు చుక్కలుగా పోసి, ఎండాక పైన క్లియర్ కోట్ కొట్టాను. దాని పక్కన వేలాడదీయడానికి ఒక ఖాళీ డబ్బాకు కూడా అంచు మీదనుంచి ఎర్ర రంగు ఒలికినట్లు చేశాను. బ్రష్షు కాడను తేలికపాటి వెదురు పుల్లకు కట్టి, క్యారియర్‌కు బిగించే చోట సైకిల్ ట్యూబు ముక్క వేశాను. ఏదైనా తగిలితే పుల్ల వెనక్కి మడిచిపోతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. బాషా ఇదంతా చూసి తల కొట్టుకున్నాడు.

"మన కడుపు మీద మనమే కొట్టుకుంటాండాం రమణా." అంటూనే, ముడి వదులుగా ఉందని తనే మళ్లీ బిగించాడు.

అన్నీ ఎండాక, ఒక పొద్దున ఆ కల్వర్టు దగ్గరే ఆపి ఇస్తే అంజినమ్మకు నమ్మకం కలగలేదు. బ్రష్షును వేలితో తాకి, వేలు చూసుకుని, మళ్లీ తాకింది. "కొడవలికే జరగనోళ్లు దీనికి జరుగుతారా అన్నా?"

"కొడవలి దగ్గరికొస్తే గానీ కనపడదు. ఇది దూరానికే కనపడతాది. మనిషికి భయపడనోళ్లు మరకకు భయపడతారక్కా. కట్టి చూడు."

ఆ పొద్దున నేనూ మోపెడ్ మీద ఆమె వెనకే పోయాను. కార్లు ఒకదాని వెనక ఒకటి వేగం తగ్గించాయి. ఎదురుగా బస్సు వస్తుంటే ఒక కారు ఏకంగా ఆగింది. ఆ రోడ్డు మీద సైకిల్ వెనక కారు ఆగడం నేను చూడటం అదే మొదలు. అంజినమ్మ భుజాలు కిందికి దిగాయి. ఆనందంతో నా కళ్లు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గెందుకు?

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో మేనేజరుగారు పాలిష్ చేయించడానికి వచ్చారు. కారు ఎడమవైపు చెక్కు చెదరలేదు.

"రమణా, మీ పెయింటర్లకు కొంచెం బుద్ధి చెప్పవయ్యా. ఎవరో ఒకావిడ రోజూ సైకిల్‌కు తడి బ్రష్షు బయటికి పెట్టుకుని పోతోంది. రంగు కారుతూ ఉంటుంది. చచ్చినట్లు ఆ చివరికి తప్పుకుని పోతున్నా. ఎదురుగా బండి ఉంటే ఆగుతున్నా."

"మిషన్లు స్టార్టయ్యే టైము దాటిపోదా సార్?"

"ఒక్క నిమిషమే కదా. ఏం మునిగిపోతుంది?"

"మనిషి ఎట్లా ఉంటుంది సార్? తెలిసినామె అయితే చెప్తాను."

ఆయన నిజంగానే ఆలోచించారు. నుదురు రుద్దుకున్నారు. "మొహం చూడలేదు రమణా. చీరో, చుడీదారో... బ్రష్షు మాత్రం ఎర్రది."

ఆ సమయానికి అంజినమ్మ ఆయన కంపెనీలోనే, ఆయన రోజూ నడిచే దారి పక్కనే కూర్చుని చొక్కాలకు కాలర్లు కుడుతూ ఉంది.

ఈ మాట ఆమెకు చెప్తే పడిపడి నవ్వింది. "పోనీలే అన్నా, బ్రష్షునన్నా చూసినాడు," అంది. నాకు మాత్రం ఆ నవ్వులో కలవబుద్ధి కాలేదు. బ్రష్షు మెరుపు తగ్గినప్పుడల్లా ఆమె షెడ్డుకు తెస్తుంది, నేను ఇంకో పొర క్లియర్ కోట్ కొట్టి పంపుతాను.

గీత ఎంత లోతుందో చూడటం నాకు మొదటినుంచీ తెలుసు. ఆ గీత పడాలంటే బండి ఎవరికి ఎంత దగ్గరగా పోయి ఉండాలో ఆలోచించడం ఈ కేసు తర్వాతే అలవాటైంది. ఇప్పుడు ఎడమవైపు గీతతో ఎవరు వచ్చినా, ఖర్చు చెప్పే ముందు ఒక మాట అడుగుతాను: "ఆ మనిషికి ఏమన్నా దెబ్బ తగిలిందా సార్?"

చాలామంది డోరు మీదనుంచి తల ఎత్తి, "ఏ మనిషి?" అంటారు.