అత్తమ్మ కాపాడిన ఈశ్వరి తీగ

మొన్న కల్లూరులో మా మేడమీది నిమ్మమొక్కకు పురుగు పట్టిందని మనవరాలు మందు కొట్టబోతుంటే, ఉండవే తల్లీ అని చెయ్యి పట్టుకున్నాను. ఎందుకో దానికి చెప్పేంత తీరిక దొరకలేదు గానీ, నా ఈడువాళ్లు, మీరైనా వినండి.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను రాయచోటి దగ్గర కొండకింద పల్లెకు కోడలిగా వెళ్లాను. మా అత్తమ్మ పాముకాటుకు ఈశ్వరి వేరు నూరి ఇచ్చేది. ఆ తీగ కొండవాగు పారే వంకలో పెరిగేది. వానలు పడితే చాలు, దానిచుట్టూ ఎర్రటి ఒళ్లూ నల్లటి రెక్కలూ ఉన్న సీతాకోకచిలుకలు మూగేవట. నేను వెళ్లిన ఏడు ఒక్కటీ రాలేదు. "నేనే తవ్వి తవ్వి వాటి కడుపు కొట్టినా గదమ్మీ" అని అత్తమ్మ కంచం ముందు కూర్చుని కళ్లొత్తుకునేది.

ఏడ్చి ఊరుకునే మనిషి కాదు. వంకలో తవ్వడం మానేసి, వేరు పైకొండల నుంచి తెప్పించుకుంటూ, విత్తనాలు కూడా తెప్పించి వంకంతా చల్లి, చుట్టూ ముళ్లకంప వేయించింది. మేకలు యాడ మేయాలక్కా అని కాపరులు తగువుకొస్తే మా చేనిగట్లు చూపించింది. మామగారు గొణిగారు గానీ, ఆమె ముందు ఆయన గొణుగుడు ఎప్పుడు చెల్లిందని!

తీగ అల్లుకుంది. అల్లుకుందో లేదో, ఆకుల నిండా ముళ్లుముళ్లుగా నల్లటి పురుగులు. ఇవి తీగను మిగలనివ్వవని అత్తమ్మ బుట్ట అందుకుంది. కార్తీకమాసం కావడంతో చంపడానికి చేతులు రాక, వాటిని ఏరి, పాపం ఆకలికి ఉండనీ అని ఇంత ఆకు వేసి, ఊరవతల వదులుదామని బుట్టలో ఇంటికి తెచ్చాం. చెనక్కాయలు పీకే హడావిడిలో ఆ బుట్ట వసారాలోనే ఉండిపోయింది.

ఒక పొద్దున మూత తీస్తే, అంచున ఎండుటాకు ముక్కల్లా వేలాడుతున్నవాటిలో ఒకటి చిట్లింది. లోపలినుంచి తడిసిన గుడ్డపేలికలాంటిదేదో పాకి వచ్చి, మేము చూస్తూ ఉండగానే నల్లటి రెక్కలై విచ్చుకుంది. ఒళ్లు ఎర్రగా ఉంది. అత్తమ్మ చేతులు జోడించి, "ఎవురి కోసరం కంప ఏసినామో వాళ్లనే యెళ్లగొడ్తాంటిమి గదమ్మీ" అంది. అప్పటికప్పుడు ఆ బుట్టను చంటిబిడ్డలా పొదువుకుని వంకకు నడిచింది.

మరుసటేడు వానలకు వంకలోకి అడుగుపెట్టి ఇద్దరం నిలబడిపోయాం. ఆకు కనపడలేదు, ఎటుచూసినా రెక్కలే. అత్తమ్మ రాతిమీద కూలబడి, ఆ పూట వంట మాటే మరిచింది.

తర్వాత పాముకాటుకు ఆసుపత్రిలో సూదిమందు వచ్చింది. మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలిచాయో. వేరుతో పని తీరాక తీగ ఎవరికీ అక్కర్లేకపోయింది. అత్తమ్మ పోయాక కంప పొయ్యిలోకీ, మేకలు వంకలోకీ వెళ్లాయి. తవ్వేవాళ్లు ఉన్న రోజుల్లో దాన్ని కాచుకునే మనిషీ ఉండేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రెక్కలన్నిటినీ చూసినదాన్ని నేనొక్కతెనే మిగిలాను.