చింతపండుతో తోమిన కంచు గుర్రం

నాకు కోపం కాస్త ఎక్కువే. రంగు పోయిన బొమ్మను పట్టుకొచ్చి "మేమేం చేయలేదండీ, దానంతటదే పోయింది" అనేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండిపోతుంది. ఏలూరులో నా కొట్టుకు వచ్చేవాళ్ళు సగానికి సగం ఆ మాటే అంటారు. మా నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. నేను, జనం ముచ్చటపడి కొని అద్దాల బీరువాల్లో దాచుకునే బొమ్మలకు పోయిన లోహపు రంగు మళ్ళీ తెప్పిస్తాను. ఈ పనంటే నాకు ప్రాణం.

దసరాకు ముందు కొల్లేటి ఊరి నుంచి ఒక పెద్దావిడ బస్సులో వచ్చింది. వాళ్ళకు చేపల చెరువులున్నాయట. తువ్వాలు విప్పితే ముందుకాళ్ళెత్తిన గుర్రం. మెడ మీదా వీపు మీదా కంచు రంగు లేచిపోయి, లోపల ప్లాస్టిక్ లాంటి తెల్లటి రెజిన్ కనబడుతోంది.

"నేనే తోమేశానండీ" అంది, నేను అడగకముందే. "పండక్కని ఇత్తడి సామానంతా చింతపండేసి తోముతున్నాను. ఇదీ కంచే కదా, పనిలో పని అయిపోద్దని కొబ్బరిపీచు పెట్టి గట్టిగా రుద్దేశానండీ."

తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పేసిన మనిషిని ఏమంటాం?

గుర్రం ఆవిడది కాదు, కోడలిది. ఆ అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుంది. చిన్నప్పటి నుంచీ బొమ్మలు పోగేసే పిచ్చి. కాపురానికి వచ్చాక కూడా బొమ్మల బీరువాకు తాళం వేసుకుని, అత్తగారితో అంటీముట్టనట్టు ఉండేదట. ఈమధ్యే తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టి, "ఇకనుంచి మీరే చూసుకోండి అత్తయ్యా" అందట. ఆ తాళంచెవి ఆవిడ కొంగున ముడేసి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్నే తడుముకుంటోంది.

"శనివారం ట్రైనింగు నుంచి వస్తుంది బాబూ. ఏమీ అనదు, మంచి పిల్ల. తాళంచెవి మాత్రం వెనక్కి తీసుకుంటుంది. అదేనండీ నా భయం. మునుపట్లా చేసిపెట్టండి."

"ముందు మీరు కూర్చోండమ్మా" అన్నాను. గుర్రం ఒకప్పుడు ఎలా ఉండేదో పెళ్ళి ఫొటోల్లో వెతికి, ఫోన్లో చూపించింది.

చింతపండు జిడ్డు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. రంగు పోయినచోట సన్నగా నల్ల పూత వేసి, దాని మీద కంచు పొడి కలిపిన రంగును స్ప్రే గన్‌తో పొగమంచులా కొట్టాను. అంతా బాగానే వచ్చింది. తీరా చివరి లక్క పూత వేశాక వాన పట్టుకుంది. ఆ చెమ్మకు పూతంతా పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. వాననూ, కొల్లేటినీ, ఆ చింతపండునూ కలిపి తిట్టుకుంటూ పై పూత తుడిచేసి, ఎండ వచ్చేదాకా ఆగి మళ్ళీ వేశాను. జూలు మడతల్లో గోధుమరంగు నీడ దింపేసరికి పాత రంగు ఎక్కడ ఆగిందో, నా రంగు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. ఆ పూట అన్నం ఎంతో రుచిగా అనిపించింది.

శనివారం పొద్దున్నే వచ్చి, ఆవిడ గుర్రాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. "ఇంక ఎవరికీ తెలీదమ్మా" అన్నాను. తలూపింది కానీ ముఖం మాత్రం తేటపడలేదు.

దీపావళి వెళ్ళాక ఇద్దరూ కలిసి వచ్చారు. రంగు చెదిరిన ఇంకో బొమ్మ ఉంది కోడలి చేతిలో.

"ఇదీ తోమేశారా?" అన్నాను.

"లేదండీ, ఇది నేనే పడేశాను" అని నవ్వింది కోడలు. "ఆ గుర్రం సంగతి ఎవరికీ తెలీదని మీరన్నా, నేను బస్సు దిగీ దిగగానే అత్తయ్యే చెప్పేశారండీ. ఇంకా బ్యాగు కూడా నా భుజం మీదే ఉంది."

"అయితే అంత తంటాలు పడి నేను రంగు కలిపింది దేనికమ్మా?" అన్నాను, కాస్త ఉక్రోషంగానే.

పెద్దావిడ సిగ్గుపడుతూ కొంగు సర్దుకుంది. ముడి మునుపటికన్నా లావుగా ఉంది. విప్పి చూపించింది. రెండు తాళంచెవులు, రెండూ ఒక్కలాంటివే.

"ఆ బీరువాదే, రెండోది" అంది కోడలు, నావైపు చూడకుండా. "మొదటిది ఇచ్చినప్పుడు ఇది నా దగ్గరే అట్టేపెట్టుకున్నానండీ, ఎందుకైనా మంచిదని. ఆ రోజే ఇచ్చేశాను."