కళ్లం వాలు

నా మాట మీద ఒక మనిషి కుడిచెయ్యి తెగిపోయింది. కొడవలి పట్టింది నేను కాదు. పట్టినవాడికి దిక్కు చూపింది మాత్రం నేనే. దేవుని ఎదుట ఈ సంగతి ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. ఇప్పుడు మనుషుల ఎదుట ఒప్పుకుంటున్నాను.

డెబ్బైలలో నేను నంద్యాల మిషన్ బడిలో అయ్యవారిని. కాంపౌండులో ముసలి దొర ఒకాయన ఉండేవాడు, బోధకుడు. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. ఆ ఎండలో పచ్చిక ఎక్కడ బతుకుతుంది? బంగళా వెనక నేల చదును చేయించి, పేడతో అలికించి, ఒక పాలడబ్బా పాతించి, అందులోకి బంతి దొర్లించేవాడు. సాయంత్రాలు నాకూ నేర్పాడు.

"కొట్టుట చివరి పని. మొదట నేలను చదువుము," అనేవాడు తన పుస్తకాల తెలుగులో. బంతి వెనక ఒకసారి, గుంట వెనక ఒకసారి గొంతుకూర్చుని చూడమనేవాడు. చెప్పులు విప్పి అరికాళ్లతో వాలు కనుక్కోమనేవాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కొండ పక్కన కన్నును నమ్మకూడదట. అక్కడ నేలంతా కొండ నుంచి కిందికి వాలి ఉంటుంది, కన్ను దాన్నే చదును అనుకుంటుంది, నిజంగా చదునుగా ఉన్నదేమో కొండవైపు వాలినట్టు కనబడుతుంది. నంద్యాలలో అంతా చదునే కాబట్టి ఆ మాట నాకు పనికిరాలేదు. దొర వెళ్లిపోతూ తన పొట్టి ఇనుపకర్ర, ఒక బంతి నాకిచ్చాడు.

మా మేనమామ ఊరు ఆళ్లగడ్డ అవతల, నల్లమల కింద. ఆ ఏడు వానలకు మామ ఇంటి మట్టిగోడ కూలి ఆయన కూతురు చనిపోయింది. వచ్చే వేసవిలో ఆ పిల్లతో నా పెళ్లి అనుకున్నారు. మట్టి తవ్వి ఆమెను బయటికి తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. నోటినిండా బురద.

ఆ గోడకు పడమటి పక్క ఒక కళ్లం ఉంది. దాని ఆసామి మా చర్చి సంఘంవాడే. కళ్లం ఎత్తు చేసి వాననీళ్లను తన గోడకు తిప్పాడని మామ పట్టుబట్టాడు. రాయి విసిరి ఆసామి పళ్లు రాలగొట్టాడు. మామ గడ్డివాము తగలబడింది. మా సంఘంలో ఏటా కోతలో మొదటి పన, అంటే మొదటి కట్ట, కళ్లంలో పెట్టి ప్రార్థన చేసిన తర్వాతే నూర్పిడి. ఆ ఏడు ప్రార్థన ఆగింది. నిజం తేలేదాకా ఇద్దరికీ గుడిలో సంస్కారపు రొట్టె లేదని పెద్దలు తేల్చారు. నేల చదవడం వచ్చని, వాలు చూడటానికి నన్ను పిలిపించారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కళ్లంలో నిలబడ్డాం.

"ఏందప్పా, పొట్టి కర్ర తెచ్చినావ్? గోలీలాడే అయ్యవారు తీర్పు చెప్తాడంట!" అన్నాడు ఆసామి, పళ్లు లేని నోటితో నవ్వుతూ.

"నవ్వు, నవ్వు. నీళ్లు యాడికి పోతాండాయో మా అల్లుడు ఇప్పుడే చెప్తాడు," అన్నాడు మామ.

"బేగా చూడప్పా, ఎండ కాస్తాండాది," అన్నాడు ఊళ్లో ఆరాధన జరిపే ఉపదేశి.

ఇటు గొంతుకూర్చున్నాను, అటు గొంతుకూర్చున్నాను. తూర్పున మామ గోడ మొండి, దాని వెనక నల్లమల. కళ్లం గోడవైపే వాలినట్టు కనబడింది. బంతి జేబులో ఉంది. తీసి దొర్లించి ఉంటే చాలు. తీయలేదు. చెప్పులూ విప్పలేదు. నా కళ్లముందు ఆ పిల్ల నోట్లో బురద ఉంది. నాకు ఏ జవాబు కావాలో అదే చూశాను.

"మామ గోడ దిక్కుకే," అన్నాను.

ఉపదేశి నోరు తెరిచేలోపే మామ జొన్నచొప్పలో గుచ్చి ఉన్న కొడవలి లాగాడు. అది ఆసామి కొడవలే. ఆయన తల కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చెయ్యి తోలుకు వేలాడింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఆయన కూలబడ్డాడు.

పేడతో అలికిన నేల రక్తాన్ని వెంటనే పీల్చుకోలేదు. సన్నటి పాయగా కదిలింది. గోడవైపు కాదు. కొండకు దూరంగా, పడమరకు, ఆసామి సొంత ఇంటివైపు పారింది.

మామ మళ్లీ కొడవలి ఎత్తాడు. ఇనుపకర్రతో ఆయన మణికట్టు మీద శక్తికొద్దీ కొట్టాను. ఆ ఎముకా విరిగింది.

"మామా, నేను తప్పు చెప్పినా! నీళ్లు ఇట్ల రావు! సూడు, రక్తం సూడు!"

మామ రక్తాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "పాపను ఎవురు చంపినారు మల్ల?" అన్నాడు.

ఇంటి వెనక, కొండ నుంచి దిగే వాననీటి వంకను రెండు సాళ్లు ఎక్కువ వేసుకోవడానికి మామే పూడ్చాడు. దారి లేక ఆ నీళ్లే ఇంటిమీదికి మళ్లి గోడను కూల్చాయి. ఆ సాయంత్రం ఉపదేశితో వెళ్లి చూసినప్పుడు తెలిసింది. మామకు ఆ మాట చెప్పింది నేనే. ఆయన జైలు నుంచి వచ్చాక కూడా నాతో మాట్లాడలేదు, మాట్లాడకుండానే పోయాడు. ఆసామి చెయ్యి నంద్యాలలో మోచేతి దాకా తీసేశారు. కోర్టులో నా తప్పు మాటనూ దాచకుండా సాక్ష్యం చెప్పాను.

ఎనభైలలో ఒక ఈస్టరుకు ఆ ఊరి గుడికి వెళ్లాను. సంస్కారానికి మోకరిస్తే పక్కన ఆసామి. మేము రొట్టెను కుడి అరచేతిలో, కింద ఎడమచెయ్యి ఆనించి తీసుకుంటాం. ఆయనకు ఎడమచెయ్యి ఒక్కటే ఉంది. దాన్ని చాపాడు, కింద ఆనించే చెయ్యి లేదు. రొట్టె పంచుతూ గురువు దగ్గరికి వస్తున్నాడు. ఏమీ అడగకుండా ఆ చేతి కింద నా చెయ్యి పెట్టాను.

ఆయన తల తిప్పలేదు.

"చెయ్యి ఒకపక్కకు వంగిపోతాండాది. సరిగా సూసి పట్టుకోప్పా," అన్నాడు.